పంచనామాలో మామిడి రుచి

బదిలీ ఉత్తర్వు చేతికందిన రోజున ముత్యాల తాతబ్బాయి ధూమ నియంత్రణ శాఖ జిల్లా కార్యాలయంలో అందరికీ పూతరేకులు పంచాడు. తొమ్మిదేళ్లుగా అతనిదొక ఊరు, భార్య మంగతాయారుది ఇంకో ఊరు. ఆవిడ నరసన్నపేటలో ఒక ఆసుపత్రిలో నర్సు. శనివారం సాయంత్రం రైలెక్కడం, సోమవారం పొద్దున్న నిద్రమొహంతో ఆఫీసులో దిగడం, తొమ్మిదేళ్లూ ఇదే కాపురం. భార్యాభర్తలిద్దరూ ఒకేచోట పనిచెయ్యాలని ప్రభుత్వానికి ఒక విధానం ఉంది. విధానం ఉండబట్టి తొమ్మిదేళ్లు పట్టింది గానీ, లేకపోతే ఎన్నాళ్లు పట్టేదో చెప్పలేం.

అయితే ఉత్తర్వు రావడం వేరు, రిలీవ్ కావడం వేరు. తాతబ్బాయి స్టోరు గుమస్తా. అతని అధీనంలో నాలుగు వందల పన్నెండు ఈ-సిగరెట్లున్నాయి. తెలియనివాళ్లకోసం ఒక్కమాట: ఇది చూడ్డానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. లోపల ఒక బ్యాటరీ, రుచీ నికోటినూ కలిపిన ద్రవం, ఆ ద్రవాన్ని పొగగా మార్చే బొడిపె ఒకటి. ఆ బొడిపెని అటామైజరంటారు. అందులో కాస్త దూది, ఒక సన్నటి తీగ. ఈ వస్తువుని అమ్మడం నేరం, కొనడం నేరం, దాచడం నేరం. అంచేత పట్టుకున్నవాటినన్నిటినీ శాఖవారే జాగ్రత్తగా దాస్తారు.

వీటినన్నిటినీ కొత్తగా వచ్చిన గుమస్తా శరభయ్యకి అప్పగించి, జాబితా మీద అతని సంతకం తీసుకుంటేనే తాతబ్బాయి కదలాలి. శరభయ్య మనిషి మంచివాడే. కాకపోతే పూర్వం ఎక్కడో ఒక టైపు మిషను తక్కువైందని మూడేళ్లు సంజాయిషీలు రాసుకున్నాడు. అప్పట్నుంచి ఇంట్లో పెళ్లాం కూరల సంచీ చేతికిచ్చినా లోపల చూడకుండా పట్టుకోడు. అయినా ఫరవాలేదు, లెక్కపెట్టి సంతకం పెట్టడానికి పూట చాలుననుకున్నాడు తాతబ్బాయి. మర్నాటికి రైలు టిక్కెట్టు కూడా తీసుకున్నాడు.

సరిగ్గా ఆ మధ్యాహ్నమే రాజధాని నుంచి మెమో దిగింది.

దాని వెనక కథేమిటంటే, అంతకుముందు నెల ఎక్కడో కోర్టులో ప్లీడరుగారు పట్టుబడిన ఈ-సిగరెట్టుని చేత్తో ఎత్తిచూపి, "ఇది పొగ వదుల్తుందా?" అని అడిగారు. శాఖవారు నొక్కారు. వదల్లేదు. మళ్లీ నొక్కారు. మళ్లీ వదల్లేదు. "పొగ రాని దాన్ని సిగరెట్టని ఎలా అంటారు?" అన్నారు ప్లీడరుగారు. కేసు కొట్టేశారు. అందుమీదట శాఖ ఉలిక్కిపడి లేచి ఇలా సెలవిచ్చింది:

"స్వాధీనపరచుకొనబడిన సొత్తు, స్వాధీన సమయమున ఏ స్థితిలో, ఏ గుణములతో నుండెనో, విచారణ ముగియు పర్యంతము అదే స్థితిలో, అవే గుణములతో పరిరక్షింపబడవలెను. ఇందునిమిత్తము పీల్పు పరీక్ష నిర్వహించి, పొగ మరియు రుచి నమోదు చేయవలెను. పరీక్షలో నెగ్గని సొత్తును అప్పగించుటగానీ, స్వీకరించుటగానీ చెల్లదు."

జిల్లా అధికారి ఏకాంబరేశ్వరరావు గారు మెమోని రెండుసార్లు చదివి, కళ్లజోడు తీసి తుడుచుకుని, తాతబ్బాయిని పిలిపించారు. ఆయన మామూలుగా మాట్లాడినా ఫైలు చదువుతున్నట్టే ఉంటుంది.

"సొత్తు సంరక్షకులే పరీక్షాధికారిగా వ్యవహరింపవలెనని నిర్ణయించడమైనది," అన్నారు.

"సార్, నాకు బీడీ కూడా అలవాటు లేదండి. మా నాన్న చుట్ట వెలిగిస్తే నేను అరుగు దిగి వెళ్లిపోయేవాణ్ణండి."

"కావుననే మీరు నిష్పాక్షికులు."

ఆఫీసు గోడమీద 'ఈ ఆవరణలో పొగ త్రాగుట నేరము' అని ఎర్రక్షరాలతో బోర్డుంది. కాబట్టి పరీక్ష ఆవరణ గోడకి అవతలున్న సైకిళ్ల షెడ్డులో పెట్టారు. ఒక బల్ల వేశారు. ఇద్దరు సాక్షుల్ని కూర్చోబెట్టారు. శరభయ్య పెన్ను మూత తీసి సిద్ధంగా నిలబడ్డాడు. తాతబ్బాయి దేవుడికి దణ్ణం పెట్టుకుని ఒకటో నంబరు సొత్తుని నోట్లో పెట్టుకుని పీల్చాడు.

కళ్లు బైర్లు కమ్మాయి. దగ్గు తెరలు తెరలుగా వచ్చింది. సాక్షుల్లో ఒకాయన మంచినీళ్ల కోసం పరుగెత్తాడు.

"పొగ వచ్చినట్టు నమోదు చేయుడు," అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు తృప్తిగా. "రుచి?"

"మాడిందండి," అన్నాడు తాతబ్బాయి కళ్లు తుడుచుకుంటూ. "అడుగంటిన పాయసంలా ఉందండి."

శరభయ్య గబగబా పంచనామా తెరిచి చూశాడు. అందులో ఒకటో నంబరు ఎదురుగా 'మామిడి' అని రాసుంది. వీటిని పట్టుకున్న ఇనస్పెక్టరుకి చిత్తశుద్ధి జాస్తి. డబ్బామీద పేరు చూసి ఎక్కించెయ్యకుండా, ప్రతిదాన్నీ తానే స్వయంగా పీల్చి రుచి రాశాడు. పాపం, ఆ కేసు తర్వాత ఊపిరితిత్తుల జబ్బుతో దీర్ఘకాలపు సెలవులో ఉన్నాడు.

"పంచనామాలో మామిడి గలదు," అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు. "వర్తమానమున మాడు గలదు. అట్లయిన మామిడి ఏమైనట్లు?"

"నాకేం తెల్సండి! బీరువాలో పెట్టి తాళం వేశానంతే."

"మామిడి సొత్తు పోయి, దాని స్థానమున మాడు సొత్తు ప్రవేశించినట్లు భావింపవలసి వచ్చును. దీనిని సామాన్య భాషలో దొంగతనమందురు."

తాతబ్బాయి ఆ రోజు నుంచి వారం రోజులపాటు నాలుగు వందల పన్నెండూ పీల్చాడు. నూట ఎనభై ఏడు మాడాయి. తొమ్మిదేళ్లు మచ్చలేకుండా స్టోరు కాసినవాడు ఉన్నట్టుండి నూట ఎనభై ఏడు పళ్లు మాయం చేసిన దొంగ అయ్యాడు. శరభయ్య పెన్ను మూత పెట్టేశాడు.

"తప్పుగా అనుకోకండి తాతబ్బాయిగారూ. మామిడి చూపించండి, సంతకం పెడతాను. ఇంట్లో ఆడపిల్లలున్నారండి, మళ్లీ సంజాయిషీలు రాసే ఓపిక లేదు నాకు."

రైలు టిక్కెట్టు మొదటిరోజే రద్దయింది. లెక్క తేలేదాకా శనివారం ప్రయాణాలు కూడా కూడదన్నారు. ఆ సాయంత్రం మంగతాయారు ఫోనులో, "మళ్లీ ఏమైంది?" అని అడిగింది. "మాడిపోయింది," అన్నాడు. నిజంగా ఏడుపొచ్చింది.

విషయం రాజధానికి పోయింది. అక్కణ్ణుంచి 'మాడు రుచి నివారణ నిపుణుల సంఘం' దిగింది. అందులో ఒక ఛాతీ డాక్టరు, ఒక కరెంటు ఇంజనీరు, ఇంకా ప్రభుత్వ హాస్టల్లో ఇరవై రెండేళ్లుగా వంట చేస్తున్న సత్తెమ్మ. మాడు రుచిలో అంతటి అనుభవం జిల్లాలో మరెవరికీ లేదని ఆవిణ్ణి వేశారు. డాక్టరుగారు తాతబ్బాయి వీపుమీద గొట్టం పెట్టి చూశారు. ఇంజనీరుగారు మీటరు పెట్టి చూశారు. సత్తెమ్మ మాత్రం బొడిపెని విప్పించి, నల్లగా మాడిన దూదిని వాసన చూసి, గోడవారగా పడేసింది.

"తడి సాల్లేదు, మంటెక్కువైపోయింది బాబూ. అంతే. దీనికింతమంది ఎందుకు?" అని బస్సు వేళవుతోందని వెళ్లిపోయింది.

ఆవిడ అభిప్రాయం మరీ పొట్టిగా ఉండటంవల్ల నివేదికలో చేర్చడానికి వీలుపడలేదు. మిగతా ఇద్దరూ నెల్లాళ్లు శ్రమించి అరవై పేజీలు రాశారు. 'అటామైజర్లు కాలదోషము పట్టినందున మెరుగైన అటామైజర్లను ఎంపిక చేసి అమర్చుట శ్రేయస్కరము' అని తేల్చారు.

ఎంపిక చెయ్యాలంటే కొనాలి, కొనాలంటే టెండరు పిలవాలి. శాఖవారు పేపర్లో ప్రకటన వేశారు. మొదటివారం ఎవరూ రాలేదు. గడువు పొడిగించి, 'అనుభవజ్ఞులకు ప్రాధాన్యత' అని కలిపారు. అప్పుడు ముగ్గురు అనుభవజ్ఞులు నమూనా పెట్టెలతో వచ్చారు. ఏకాంబరేశ్వరరావు గారు వారికి కుర్చీలు వేయించి, టీ ఇప్పించి, సీలు కవర్లు విప్పి, ధరలు పైకి చదివారు. అందరికంటే తక్కువ ధర రాసినవాణ్ణి అభినందించారు. ఆ తర్వాత, నిషేధిత సామగ్రి అమ్మకానికి పెట్టిన నేరం కింద ముగ్గుర్నీ అక్కడికక్కడే అరెస్టు చేయించారు. టీ పూర్తిగా తాగనిచ్చారని చెప్పుకోవాలి. పెట్టెల్లో ఉన్న రెండు వందల అటామైజర్లూ స్వాధీనమై, వచ్చి తాతబ్బాయి జాబితాలోనే చేరాయి.

"సార్, అప్పగించాల్సింది తగ్గకపోగా పెరిగిందండి," అన్నాడు తాతబ్బాయి నీరసంగా.

"శాఖ పనితీరు మెరుగుపడినదని అర్థము," అన్నారాయన.

ఇలా ఉండగా ఒక సోమవారం నూకరాజు వచ్చాడు. ఈ నాలుగు వందల పన్నెండూ పట్టుబడింది ఇతని ఫ్యాన్సీ కొట్లోనే. బెయిలు షరతు ప్రకారం వారం వారం ఆఫీసుకొచ్చి రిజిస్టర్లో సంతకం పెట్టిపోతుంటాడు. యాభై దాటిన మనిషి, మొహాన విభూతి, చొక్కా జేబులో దువ్వెన. ఆ రోజు తాతబ్బాయి మాడినవాటిని మరోసారి పీల్చి చూస్తుంటే, సంతకం పెట్టి షెడ్డు పక్కనుంచి పోతూ గాలి పీల్చి ఆగిపోయాడు.

"ఎవరండీ అది, దూది తడవకుండా నొక్కేస్తున్నారు?" అన్నాడు, తన పిల్లల్ని ఎవరో కొడుతున్నట్టు.

"నేనేనండి," అన్నాడు తాతబ్బాయి తప్పు చేసినవాడిలా.

"ఎంతమీద పెట్టారండి? ఎనభై వాట్లా? ఓరినాయనో! ఈ చిన్న బొడిపె ముప్పై మించి తట్టుకోదండి. ఆయ్, ఇలా తెండి."

నూకరాజు బల్లముందు కూర్చున్నాడు. పావుగంటలో విషయమంతా విప్పి చెప్పాడు. కొత్త బొడిపె వేశాక నాలుగు చుక్కలు దూదిమీద వేసి, ద్రవం నింపి, పది నిమిషాలు కదపకూడదు. దూది బాగా నానాలి. తర్వాత వేడి తక్కువలో మొదలుపెట్టాలి. పీల్పుకీ పీల్పుకీ మధ్య ఊపిరి తీసుకోవాలి, లేకపోతే దూది ఎండి మాడుతుంది. తీపి రుచులు తీగమీద పాకంలా గడ్డకడతాయి గనక వాటి బొడిపెలు తొందరగా మార్చాలి. ఇక బొడిపె ఎంచుకోవడమంటారా, ఉత్త చుట్టతీగ కంటే జల్లెడలాంటి మెష్ తీగ మేలు, వేడి ఒకేచోట పోగవదు. చిక్కటి ద్రవానికి పక్కన బెజ్జాలు పెద్దగా ఉన్నది చూసుకోవాలి.

"ఇవన్నీ అరవై పేజీల్లో ఎక్కడా లేవండి!" అన్నాడు తాతబ్బాయి ఆశ్చర్యపోయి.

"పేజీల్లో ఎందుకుంటాయండి? పట్టుకెళ్లేటప్పుడు నన్నడిగితే అప్పుడే చెప్దును కదా."

ముద్దాయి సలహా శాఖ పాటించవచ్చా అన్నది పెద్ద చిక్కే. ఏకాంబరేశ్వరరావు గారు ఒక రాత్రంతా ఆలోచించి ఉత్తర్వు తయారుచేశారు: 'శ్రీ నూకరాజు గారిని, వారి ముద్దాయి హోదాకు ఎట్టి భంగమూ కలుగకుండ, సాంకేతిక సలహాదారుగా నియమించడమైనది.' అరెస్టయినవారి పెట్టెల్లోంచి మంచి బొడిపెలు తీసి సొత్తుకి వెయ్యడం, మాడిన బొడిపెల్ని ఆ పెట్టెల్లో సర్దడం. ఆ పెట్టెల పంచనామాలో రుచి అన్నచోట 'వర్తించదు' అని ఉంది కాబట్టి ఎవరికీ అభ్యంతరం లేకపోయింది.

పని జోరందుకుంది. నూకరాజు బొడిపె మార్చడం, పది నిమిషాలాగడం, తాతబ్బాయి పీల్చడం, 'మామిడి!' అనడం, సాక్షులు రాయడం. జామ జామైంది, పుచ్చకాయ పుచ్చకాయైంది. ఏకాంబరేశ్వరరావు గారికి కూడా ఉత్సాహం ఎక్కువై, బీపీ ఉందని అంతవరకూ పీల్చని మనిషి భోజనం కాగానే దానిమ్మ వరుసమీద ఆకస్మిక తనిఖీలు మొదలుపెట్టారు. తాతబ్బాయికి దగ్గు పోయింది. మొదట్లో పీల్చమంటే దేవుడికి దణ్ణం పెట్టుకున్న మనిషి, పదకొండింటి పరీక్షకి పదిన్నరకే షెడ్డులో కూర్చుని గడియారం చూసుకునేవాడు. ఆదివారాలు ఎందుకో తోచేది కాదు. పని మీద శ్రద్ధ అనుకున్నారంతా. అతనూ అదే అనుకున్నాడు.

చివరికి అప్పగింత రోజు వచ్చింది. శరభయ్య ఒక్కొక్కటీ పీల్చి, పంచనామా చూసి, టిక్కు పెట్టుకుంటూ వచ్చాడు. మూడు వందల ఒకటి దగ్గర ఆగాడు. మళ్లీ పీల్చాడు.

"ఇది పనస," అన్నాడు.

"బ్రహ్మాండంగా ఉంది కదండీ?" అన్నాడు నూకరాజు.

"ఉంది. కానీ పంచనామాలో ఏముందో చూడండి."

తాతబ్బాయి వంగి చూశాడు. మూడు వందల ఒకటో నంబరు ఎదురుగా, ఆ చిత్తశుద్ధి గల ఇనస్పెక్టరు గుండ్రటి అక్షరాలతో 'మాడు' అని రాశాడు. పట్టుకున్న రోజునే అది మాడి ఉంది. నూకరాజు అత్యుత్సాహంతో దాన్ని కూడా బాగుచేసిపారేశాడు.

"పనస సొత్తు ఎచ్చటినుండి ప్రవేశించినది?" అన్నారు ఏకాంబరేశ్వరరావు గారు. "అసలు మాడు ఏమైనది?"

తాతబ్బాయి నూకరాజు చేతులు పట్టుకున్నాడు. "గురువుగారూ, దీన్నొక్కదాన్నీ మాడ్చెయ్యండి."

నూకరాజు చేతులు వెనక్కి లాక్కున్నాడు. "నన్ను జైల్లో పెట్టించండి, వెళ్తాను. ముప్పై రూపాయల వస్తువైనా సరే, బాగున్నదాన్ని చేతులారా నేను పాడుచెయ్యనండి. మీ శాఖలో ఎలా చేస్తారో నాకు తెలీదు గానీ, మా లైన్లో అది తప్పండి."

మూణ్ణెల్ల కష్టం అక్కడికొచ్చి నిలబడింది. తాతబ్బాయికి ఒళ్లు మండింది. మూడు వందల ఒకటిని లాక్కున్నాడు. ద్రవం ఒంపేశాడు. వేడి చివరంటా పెంచాడు. సైకిళ్ల మధ్య గొంతుక్కూర్చుని, ఊపిరి తీసుకోకుండా, తొమ్మిదేళ్ల రైలు ప్రయాణాలన్నీ తల్చుకుంటూ పీల్చడం మొదలుపెట్టాడు. పీల్చగా పీల్చగా పనస పోయింది, తీపి పోయింది, చివరికి గొంతు చీరుకుపోయే కమురు కంపు షెడ్డంతా నిండింది. నూకరాజు మొహం తిప్పుకున్నాడు. శరభయ్య ఒక్క దమ్ము లాగి, దగ్గి, కళ్లనీళ్లతో, "మాడిందండి! అచ్చంగా మాడింది!" అని అరిచి సంతకం పెట్టేశాడు. ఇద్దరూ కావిలించుకున్నారు.

మర్నాడు రైలు దిగి, బస్సు పట్టుకుని నరసన్నపేట చేరేసరికి మంగతాయారు స్టాండులో నిలబడి ఉంది. తొమ్మిదేళ్లలో మొదటిసారి తిరుగు టిక్కెట్టు లేకుండా వచ్చిన మొగుణ్ణి చూసి ఆవిడ నవ్వింది, కళ్లు తుడుచుకుంది. కంద బచ్చలి కూర వండి పెట్టింది. ఆ రాత్రి తాతబ్బాయి అంత సుఖపడ్డవాడు లోకంలో లేడు.

కొత్త ఆఫీసులో స్టోరు లేదు. సొత్తు లేదు. అసలు కేసులే లేవు. ఒక బల్ల, ఒక ఫ్యాను, ఎదురుగా కునికిపాట్లు పడే సూపరింటెండెంటు. మొదటిరోజు పదిన్నరయ్యేసరికి తాతబ్బాయికి ఆవులింతలొచ్చాయి. పదకొండుకి చేతులు సన్నగా వణికాయి. రెండోరోజు తలనొప్పి. మూడోరోజు ఫ్యాను చప్పుడు చేస్తోందని సూపరింటెండెంటు మీద కేకలేశాడు. నాలుగోరోజు సూపరింటెండెంటు దగ్గరికెళ్లి, గొంతు తగ్గించి, "ఇక్కడ పీల్పు పరీక్ష ఎన్నింటికండీ?" అని అడిగాడు. "అదేంటి?" అన్నాడాయన.

ఆ సాయంత్రం బట్టలు ఉతకడానికి చొక్కా జేబులు తడుముతుంటే మంగతాయారుకి ఒక దరఖాస్తు దొరికింది. 'అనారోగ్య కారణములరీత్యా నన్ను తిరిగి పూర్వపు స్థానమునకే బదిలీ చేయ ప్రార్థన.' ఆవిడ దాన్ని తెచ్చి మొగుడి ముందు పెట్టింది.

"ఏవండీ, నామీద కోపమా?" అంది.

"నీ మీద కోపమేంటి తాయారూ!"

"మరి అనారోగ్యమేంటి?"

తాతబ్బాయి తలొంచుకున్నాడు. వణుకుతున్న చేతులు రెండూ ముందుకి చాపి చూపించాడు. అన్నీ చెప్పాడు, మామిడి దగ్గర్నుంచి మాడు దాకా. చెప్తూంటే సిగ్గేసింది. మంగతాయారు ముందు పకపకా నవ్వింది, తర్వాత శాఖనీ, ఉత్తర్వునీ, ఏకాంబరేశ్వరరావునీ కలిపి తిట్టింది. ఆ తర్వాత ఆ చేతులు పట్టుకుని ఏడ్చింది.

మర్నాడు పొద్దున్నే అతన్ని తనతో ఆసుపత్రికి తీసుకెళ్లింది. పొగ అలవాటు మాన్పించే గదిలో బల్లవెనక కూర్చునేది ఆవిడే. అందర్లాగే అతన్నీ వరుసలో నిలబెట్టి, వంతు వచ్చాక ఒక ఫారం చేతికిచ్చింది. తాతబ్బాయి ఉద్యోగి గనక ఫారం చూడగానే ప్రాణం లేచొచ్చింది. పేరు రాశాడు, వయసు రాశాడు. 'ఈ అలవాటు ఎవరివలన మొదలైనది? స్నేహితులు, సినిమాలు, ఇతరులు' అన్నచోట 'ఇతరులు' కింద గీతగీసి, మెమో నంబరూ తేదీ చూడకుండా రాసి, 'ప్రతి జతపరచడమైనది' అని కలిపాడు.

చివర్న ఒకే ప్రశ్న ఉంది. 'అలవాటు మానదలచినారా?'

తాతబ్బాయి పెన్ను పట్టుకుని అక్కడ ఆగాడు. తనంతట తను నిర్ణయం తీసుకుని ఎన్నాళ్లయిందో గుర్తు రాలేదు. వెనక వరుసలో జనం తొందరపెడుతున్నారు. చివరికి ముత్యాల్లాంటి అక్షరాలతో, 'పై అధికారి అనుమతికి లోబడి, అవును' అని రాసి ఫారం బల్లమీద పెట్టాడు.

మంగతాయారు చదివింది. కళ్లెత్తి మొగుడి వంక చూసింది. అతని చేతిలో పెన్ను తీసుకుని, ఆ వాక్యం కిందే 'అనుమతించడమైనది' అని రాసి, పొడి అక్షరాలు కాదు, పూర్తి పేరుతో సంతకం పెట్టింది.